అబద్ధం చెప్పని డాక్టరమ్మ

చిక్కడపల్లి డాక్టరమ్మ పోయారని మొన్న పొద్దున ఆమె దగ్గర పనిచేసే నర్సు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపు కంటే ముందు భయం వేసింది. ఇక నా కడుపు ఎవరికి చూపించుకోవాలి?

నేను అశోక్ నగర్‌లో సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలకు లెక్కలు చెప్తాను. పెళ్ళయిన కొత్తలో అండాశయం మీద గడ్డ తీశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. గాయం మానేటప్పుడే లోపలి భాగాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నిలబడితే లాగుతుంది, వంగితే లాగుతుంది. పిల్లలూ కలగలేదు. అతుకులు విడదీయాలంటే మళ్ళీ ఆపరేషన్ చేయాలి. చేస్తే మళ్ళీ అతుక్కోవచ్చు. మీలో ఎవరికైనా ఈ బాధ ఉంటే తెలుస్తుంది, ఎటు తిరిగినా గోడే.

డాక్టరమ్మది తీపి మాటల వైద్యం కాదు. మనం మాట్లాడేటప్పుడు ఫ్యాను ఆపేసేవారు, సరిగ్గా వినాలని. ఎండాకాలంలో ఇద్దరం చెమటలు కక్కేవాళ్ళం. మా అత్తమ్మ ఏదో చెప్పబోతే, "కడుపు ఆమెది. మీరు జర బయట కూసోండ్రి," అన్నారు. ఆ మాటకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

"మళ్ళ ఆపరేషన్ చేసి, అతుకులు విడదీసినంక నడుమ జెల్ పూస్త. పచ్చి గాయాలు ఒకదానికొకటి తాకకుండ ఉంటయ్. తర్వాత అదే కరిగిపోతది."

"దాంతోని మంచిగైతదా మేడమ్?"

"అతుక్కునుడు తగ్గొచ్చు. నొప్పి పోతదని, పిల్లలైతరని మాత్రం నేను చెప్ప."

"మరి ఏమన్న అయితదా?"

"ఇప్పటిదాంక పెద్ద ప్రమాదాలు కనవడలే. కానీ చానా మందిని చానా ఏండ్లు చూసినోళ్ళు తక్కువ. ఏం కాదని ఒట్టెయ్యమంటే నేను వెయ్య."

ఒళ్ళు మండిపోయింది. ధైర్యానికి ఒక్క అబద్ధం చెప్తే ఆవిడ సొమ్మేం పోయింది? అయినా సరేనన్నాను.

ఆపరేషన్ అయ్యాక మెలకువ వచ్చేసరికి డాక్టరమ్మ మంచం పక్కనే నిలబడి ఉన్నారు. "జెల్ పూయలే. అతుకు విడదీస్తుంటే నా చేతిలనే పేగు పొర జర చినిగింది. కుట్టిన. గసుంటి చోట అది పెట్టుడు నాకు మంచిగ అనిపియ్యలే." అడగకుండానే తన తప్పు తనే చెప్పిన మనిషి మీద నేను నెలల తరబడి కోపంగా ఉన్నాను. నొప్పి తిరిగి వచ్చింది. చూపించుకోవడానికి మాత్రం ఆమె దగ్గరకే వెళ్ళాను.

నిన్న క్లాసులో నొప్పి తట్టుకోలేక నారాయణగూడలో మరో డాక్టరు దగ్గరకు వెళ్ళాను. ఆయన ఫైలు తిరగేసి, నవ్వుతూ, "మళ్ళ ఆపరేషన్ చేద్దాం. ఈసారి జెల్ పెడదాం. ఏం కాదమ్మా, నేను చూసుకుంట," అన్నారు. ఏళ్ళ తరబడి నేను వినాలనుకున్నది ఈ మాటే. విన్నాక రవ్వంత కూడా నమ్మలేకపోయాను. ఆయన మంచివాడే కావచ్చు. నన్ను నిజం వినడానికి అలవాటు చేసి డాక్టరమ్మ వెళ్ళిపోయారు.

లేచి వచ్చేసి, కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటు నడిచాను. చిక్కడపల్లి క్లినిక్ షట్టర్ దించి ఉంది. మెట్ల మీద కొందరు ఆడవాళ్ళు ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"డాక్టరమ్మ లేదు కదక్కా," అన్నాను.

"ఎర్కనే. ఎటు పోవాల్నో సమజ్ కాక ఈడనే కూసున్నం," అంటూ ఒకామె పక్కకు జరిగి చోటిచ్చింది.

కూర్చున్నాను.