మూడు గోనెల సినిమా

ఈ ఉదయం డైరీ కోసం హ్యాండ్‌బ్యాగు బోర్లిస్తే, దాంతోపాటు గుప్పెడు కాగితం ముక్కలు మంచం మీద రాలాయి, అప్పటినుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. చిక్కడపల్లిలో మొదటిరోజు ఆటకు లైన్లో నిలబడ్డ నా ఈడువాళ్లకు అవేమిటో చెప్పక్కర్లేదు. హీరో తెరమీదికి రాగానే హాలంతా పైకి ఎగిరేవి అవే.

మానవశాస్త్రం ఎం.ఏ. చదివే రోజుల్లో, జాతరల మీద అందరూ రాస్తున్నారు కదా అని నేను థీసిస్‌కు చిక్కడపల్లిలోని ఒక సినిమా హాలును ఎంచుకున్నాను. అశోక్ నగర్ హాస్టల్లో మా గదిలోని అమ్మాయిలు గ్రూప్స్ పరీక్షల కోసం రాసి పారేసిన మోడల్ పేపర్లు ఆ హాల్లోనే ముక్కలై రాలుతున్నాయని కనిపెట్టి, ఏదో నిధి దొరికినట్టు డైరీలో రెండు పేజీలు నింపాను. కానీ ఎందుకు విసురుతారన్నది మాత్రం తేలలేదు. అసలే కొత్తవాళ్ల ముందు గొంతు పెగలని దాన్ని, ఎలాగో ధైర్యం చేసి నోట్‌బుక్ తెరిచి అడిగితే, ఎదుటివాళ్లు కాగితాల కవరు వీపు వెనక దాచేసేవారు. మా గైడ్ మేడమ్ అధ్యాయం తిరగేసి, ఇందులో అందరూ ఎక్కడో దూరంగా ఉన్నారు, నువ్వయితే అసలే లేవు, నెలాఖరులోగా మళ్లీ రాయకపోతే ఈ ఏడు నీ థీసిస్ తీసుకోను అన్నారు.

ఆ హాలు ఊడ్చే పెద్దమ్మ పాలమూరు నుంచి వచ్చి కవాడిగూడ బస్తీలో ఉండేది. సినిమా ఆడుతుందో లేదో ఆమె గోనెసంచుల్లో చెప్పేది: ఊడ్చిన కాగితం మూడు గోనెలు నిండితే హిట్టు, ఒక్కటీ నిండకపోతే వారం తిరక్కుండా పోస్టరు మారుతుంది. నా అవస్థ ముందుగా అర్థమైంది ఆమెకే.

"నీ బుక్కు చూసి మేనేజర్ పంపిండనుకుంటున్నరు బిడ్డా. కాయితాలు బంద్ చేయిస్తవని వాళ్ల పరేషాన్. ఇంతకు నువ్వెప్పుడన్న ఇసిరినవా?"

లేదన్నాను.

"మరి నీకేం ఎరుకైతది?" అని చీపురు దులుపుకుంటూ వెళ్లిపోయింది.

ఆ శుక్రవారం మా వరుసలో ఆడవాళ్లం ఇద్దరమే. హీరో బూటు కనబడిందో లేదో హాలంతా లేచింది, నేనూ లేచాను, నా చేతులు ఎవరివో అయినట్టు ఎందుకు విసురుతారన్న ప్రశ్న రాసుకున్న నోట్‌బుక్ పేజీని చించి, మళ్లీ చించి, పైకి విసిరేశాయి. అరిచాను కూడా; అంత గోలలో నా గొంతు నాకే వినబడలేదు కాబట్టే అరవగలిగానేమో. కిందికి దిగుతున్న ముక్కల్లో ఏది ఎవరిదో తెలియలేదు. పక్కనున్న అక్క నా జడలోంచి ఒకటి తీసి నవ్వింది.

ఆట అయ్యాక పెద్దమ్మ నా నెత్తిన చిన్నగా మొట్టి, "ఇగ నీది గూడ నేనే ఊడ్వాల్నా?" అంది. అధ్యాయాన్ని "నేను" అన్న మాటతో మొదలుపెట్టి వారంలో ముగించాను, మేడమ్ సంతకం పెట్టారు.

పదేళ్ల తర్వాత నిన్న మళ్లీ అక్కడికే కొత్త సినిమాకు వెళ్లాను, పాత కరెంటు బిల్లు చించి పిడికిట్లో సిద్ధంగా పెట్టుకుని. హీరో వచ్చాడు, చేతులన్నీ లేచాయి, ప్రతి చేతిలోనూ ఫోను. ఎవరి వీడియోలో పడతానోనని నా చెయ్యి లేవనేలేదు, ముక్కలు మళ్లీ బ్యాగులోకే వెళ్లాయి. లైట్లు వెలిగాక చూస్తే నేల శుభ్రంగా ఉంది, గోనె పట్టుకుని ఎవరూ రాలేదు.

ఆ ముక్కల్ని పారేద్దామని పొద్దుటినుంచి రెండుసార్లు లేచాను. చెత్తబుట్టలో వేయడానికా నేను చించింది!