అల్లుడి కాళ్లు

ఈత నేర్పడం నాకు చేతనవుతుందనుకున్నాను. అది నా పొగరు. మా అల్లుడు గల్ఫ్‌లో చాలా ఏళ్లు క్రేన్ నడిపి తిరిగొచ్చాడు. ఇక్కడి చెరువులో చేపలు పట్టాలంటే మా జాలర్ల సంఘంలో సభ్యత్వం కావాలి. దానికి చేపల శాఖ ఆఫీసరు ముందు వల విసరాలి, ఈది చూపాలి. వల విసరడం వారంలో వచ్చింది. ఈత రాలేదు.

పరీక్ష నెల ఉందనగా అతణ్ణి బావిలో దింపాను. "బాపూ, ఆయనకేమన్నయితె నేనేం గావాలె? డబ్బా కట్టు" అని బిడ్డ నా పానం తీసింది. మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా నడుముకు కట్టాను. అక్కడే చెడింది. నడుమును డబ్బా తేల్చింది, కాళ్లకు పని లేకుండా పోయింది. చేతులు మాత్రం తెగ ఆడాయి. డబ్బా విప్పగానే కాళ్లు రాళ్లలా కిందికి దిగాయి.

"ఏందయ్యా అల్లుడా, కాళ్లు దుబాయ్‌ల మర్చిపోయొచ్చినవా?"

"కాళ్లు ఆడిస్తె చేతులు ఆగుతున్నయ్ మామా."

"చెయ్యి నీళ్లను ఎనుకకు గుంజాలె, కాలు తన్ని నడుమును లేపాలె. రోడ్డు మీద నడువవా? కుడిచెయ్యి ముందుకు పోతె ఎడమకాలు పోదా?"

ఇక ఆ పూటంతా "కుడిచెయ్యి, ఎడమకాలు" అని పైకి అనుకుంటూ ఈదాడు. నోరు తెరిస్తే నీళ్లు ఊరుకుంటాయా? నాలుగు గుక్కలు మింగి మెట్టు పట్టుకున్నాడు.

నాకు తెలియనిది కాదు. నేను యాభై దాటాక అక్షరాలు దిద్దాను. నోటితో పలికితే చెయ్యి ఆగేది, చెయ్యి రాస్తే నోరు మూతపడేది. పక్కన ఎవరైనా చెప్పబోతే రెండూ పోయేవి. ఇంత తెలిసీ నెలంతా గట్టున కూర్చుని అరిచాను.

పరీక్ష రోజు చెరువులో సగం దూరం బాగానే పోయాడు. తర్వాత నడుము జారడం చూసి ఆగలేకపోయాను. "కాళ్లు! కాళ్లు తన్నవయ్యా!" నా మాట వినడానికి తల తిప్పాడు. చేతులు ఆగాయి. మునిగాడు. తెప్ప మీదున్న మావాళ్లు పట్టి లేపారు.

"ఓ పెద్దమనిషీ, పరీక్ష ఆయనకా, నీకా?" అన్నాడు ఆఫీసరు. "ఇంకొక్కసారి చూస్త. నువ్వు నోరు తెరిస్తె ఆయన పేరు కొట్టేస్త."

తువ్వాల నోట్లో కుక్కుకుని, చెరువుకు వీపు పెట్టి నిలబడ్డాను. చూస్తే ఊరుకోలేనని నాకు తెలుసు. ముందు చేతుల చప్పుడే వినబడింది. నా పళ్లు తువ్వాలలో దిగబడ్డాయి. కాసేపటికి కాళ్ల చప్పుడు కలిసింది. ఒకటి ఆగకుండానే రెండోది. అలాగే దూరమవుతూ పోయింది.

"మామా! ఉన్నవా, ఇంటికి పోయినవా? సప్పుడే లేదు!"

తిరిగి చూస్తే అవతలి గట్టున నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాడు. నోట్లో తువ్వాల ఉండబట్టి బతికిపోయాడు. లేకపోతే, ఆ కాస్త దూరానికి ఇంతసేపా అని అడిగేవాణ్ణి.