మా బొంత కడుపు

నిజామాబాద్‌లో పెడుతున్న ఎగ్జిబిషన్‌కు యూనివర్సిటీ మ్యూజియం వాళ్లు మా ఆవిడ, అదే మా ముసలిది, కుట్టిన బొంతను తీసుకున్నారు. అంత మంచి బొంత మా బోధన్‌లో ఇంకొకటి లేదు. ఈ రోజు గోడకు కట్టే ముందు దులుపుతుంటే మూలలో గట్టిగా ఏదో తగిలింది. మ్యూజియం మేడం కత్తెర తీసింది.

మా ముసలిది చెయ్యి అడ్డం పెట్టింది. "గది జొన్నరొట్టె ముక్క బిడ్డా. ఆకలిగున్న బొంత వెచ్చగుండదని పెట్టి కుడ్తం. దాని కడుపు కొయ్యకు."

"పురుగులు పడతయ్ అవ్వా. తియ్యకుంటే పెట్టలేం."

"గట్లయితే మా బొంత మాకియ్యి. ఇంటికి పోతం."

ఎగ్జిబిషన్‌లో మా బొంత పెడుతున్నారని ఊరంతా చెప్పుకున్నాను మరి.

మేడం కత్తెర పక్కన పెట్టి, "పసుపు కొమ్ము తింటదా అవ్వా?" అని అడిగింది. ముసలిది నవ్వి, తానే కుట్టు విప్పి, రొట్టె తీసి కొమ్ము పెట్టి కుట్టింది.

ఇప్పుడు మా బొంత కడుపు నిండి గోడ మీద ఉంది. వచ్చి చూడండి. మీ ఇంటి బొంత ఏం తింటుందో కూడా చెప్పండి.