పలక దించినంత నెమ్మదిగా

నా పేరు చెన్నమ్మ. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో కాగితాలు చూసినవాళ్లు చెప్పాలి. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల వెనక వీధిలో కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

మాకు యోగా నేర్పిన టీచరమ్మ సోమవారం పొద్దున కన్నుమూసింది. చాప మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిందట. వినగానే నా చెయ్యి నా గుండె మీదికి పోయింది. ఆ వెనకే వీధిలో ఇంకో మాట లేచింది: "ఊపిరి బిగబట్టీ బిగబట్టీ సచ్చిపోయినాది." మూడో రోజుకు మేం యోగాకు కూర్చునే హాలుకు తాళం పడింది. "రేపు నీకేమన్నా అయితే మా మీదికొస్తాది పెద్దమ్మా" అన్నాడు హాలు చూసుకునే పెద్దమనిషి. అందుకే హాలు పెద్దలకు ఇది రాయిస్తున్నాను.

నలభై ఏళ్లు పలకలు కోశాను. దుమ్ము లోపలికి పోకుండా, రంపం తిరిగినంతసేపూ ఊపిరి బిగబట్టేవాళ్లం. ఊపిరి అంత దాచుకున్నా, నాతో పాటే పలకలు కోసిన నా పెనిమిటి దగ్గి దగ్గి పోయాడు. నా ఊపిరి కూడా అట్లే మధ్యలో నిలిచిపోతుందని అప్పటి నుంచీ భయం.

టీచరమ్మ ఆడపిల్లల బడిలో డ్రిల్లు నేర్పి రిటైరైంది. నేను యోగాకు పోయిన మొదటి రోజు కళ్లు మూసుకోమంది. పైన ఫ్యాను గరగరమంది. అంతే, బిగబట్టేశాను. తల తిరిగి పడబోతే వీపు మీద చెయ్యేసింది.

"ఏందక్కా, ఊపిరి దాసుకుంటున్నావు? అది రంపం కాదు, ఫ్యాను."

"నీకేం, విజిలూది జీతం తీసుకున్నావు. నా లోపల నువ్వు చూసినావా?"

"చూడలేదులే" అని నవ్వింది. "కోసిన పలకను దొంతి మీద ఎట్ల పెడతావు?"

"నెమ్మదిగా. టప్పున పెడితే పగిలిపోతాది."

"ఊపిరి కూడా అట్లే దించు."

అందరికీ అంకెలు చెప్పేది. అంకెలు వింటే నాకు ఫ్యాక్టరీ తొందర వచ్చేది. అందుకని నాకు మాత్రం ఊపిరి తీసుకునేటప్పుడు "పలక ఎత్తు", వదిలేటప్పుడు "పలక దించు" అనేది.

ఆమె ఎన్నడూ మమ్మల్ని ఊపిరి బిగబట్టమనలేదు. ఇది నా సాక్ష్యం. ఎవరి మొహం ఎర్రబడినా ఆపించేది. ఆమెది ఏళ్లనాటి గుండె జబ్బు. మాత్రల డబ్బా చాప చుట్టలోనే ఉండేది, మింగడం నేను చూశాను. నా దగ్గు మాత్రలు మానేస్తానంటే తిట్టింది: "మాత్ర పని మాత్రది, ఊపిరి పని ఊపిరిది."

దుమ్ము నాలోనే ఉంది, పోలేదు. అయితే ఇదివరకు దగ్గు తెర వస్తే గోడ పట్టుకుని అరిచేదాన్ని, ఇప్పుడు కూర్చుని దాన్ని పోనిస్తున్నాను. కోడలి మీద నోరు కూడా తగ్గించాను. కోడలు ఒప్పుకోదు.

తాళం పడ్డప్పటి నుంచి మళ్లీ భయం పట్టుకుంది. లేవగానే ఛాతీ బిగుస్తోంది. ఆమె ఊపిరే ఆగిపోతే నాదెంత అనిపిస్తోంది. ఇంట్లో ఒక్కదాన్నే కళ్లు మూసుకుంటే రంపం వినిపిస్తోంది. తాళం తియ్యండి. పదకొండు మంది ఆడవాళ్లం, ఒకరి వీపు మీద ఒకరం చెయ్యేసుకుంటాం. చేసిన మేలుకు ఆమె మీద నింద వెయ్యకండి.

నేను చెప్పేది అయిపోయింది. వేలిముద్ర వేస్తూ మళ్లీ ఊపిరి బిగబట్టాను. నాతో యోగాకు కూర్చునే దానమ్మ పక్కనుంచి నా వీపు మీద చెయ్యి పెట్టింది.

"పలక దించు, చెన్నమ్మక్కా."

దించాను.

చెన్నమ్మ ఎడమ బొటనవేలి ముద్ర
చూసినవాళ్లు: దానమ్మ, ఖాసింబీ