పొయ్యెక్కని కర్జికాయ

మా అత్త పోయింది. ఆషాఢంలో ఒక పొద్దున, విత్తనం శెనక్కాయలు ఒలుస్తా ఒలుస్తా గోడకు ఒరిగింది. కునుకు తీస్తాందేమో అనుకున్నా. చాటలో గింజలు, ఒడి నిండా పొట్టు. "లేసి రొంత సంగటి తిను అత్తా" అని భుజం మీద చెయ్యేస్తే ఒళ్లు చల్లగా తగిలింది. వేళ్ల సందున ఒక కాయ ఉండింది, ఇంకా చిదమలేదు.

చూడొచ్చినోళ్లంతా మంచి చావు అన్నారు. మంచాన పడలేదు, ఎవరిచేతా చాకిరీ చేయించుకోలేదు, పని చేసుకుంటానే పోయింది, ఇంకేం కావాల అన్నారు. ఏం కావాల్నో నాకు తెలుసు. ఆయమ్మకు ఒకే ఒకటి కావల్సి ఉండింది. అది తీరకుండానే పోయింది. అది మీకు చెప్పుకోవాలనే ఇది రాస్తాండా.

మాది నల్లమాడ పక్క పల్లె. నేను ఉరవకొండ దిక్కు నుంచి కోడలిగా వచ్చేటప్పటికే మామ లేడు. అత్త, ఆమెకు ఒక్కగానొక్క కొడుకు, వానను నమ్ముకున్న ఎర్రనేల, అంతే సంసారం. వచ్చిన తొలి దినమే "సంగటి కెలికేది వచ్చునా?" అని అడిగింది. రాదన్నా. "వానా రాదు, కోడలికి సంగటీ రాదు. బాగుంది మా కత" అనింది. నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. అట్లాంటి నోరే ఆయమ్మది. కానీ నేను కడుపుతో ఉన్నప్పుడు చేను నుంచి వస్తా వస్తా కొంగులో రేగ్గాయలు మూటగట్టుకొచ్చేది. చేతికి ఇచ్చేది కాదు, నా పక్కన పడేసి దొడ్లోకి పోయేది. ఇచ్చినట్లు కనపడడం ఆయమ్మకు ఇష్టం లేదు.

ఆకాశంలో మోడం కనపడితే మాత్రం ఆ నోరు మెత్తబడేది. మా నోళ్లు కూడా మెత్తబడాల్సిందే. ఒకసారి మిద్దె మీద వడియాలు ఆరబోసినా. నల్లగా మోడం వస్తాంటే "ఈ పాడు మోడం ఇప్పుడే రావాల్నా" అన్నా. అత్త చేతిలో పొరక ఎత్తి చూపించింది. "మోడాన్ని తిట్టగూడదే. అది చెవిటిది గాదు" అనింది. ఆ దినం మోడం వచ్చినట్లే వచ్చి గాలికి పోయింది. నేను తిట్టబట్టే పోయిందని వారం దాకా సణిగింది. మళ్లీ నేనెప్పుడూ మోడాన్ని ఒక మాట అనలేదు.

మా పాపకు ఏడేండ్లప్పుడు మా ఇంటాయన పోయినాడు. ఆ ఏడు వాన మొగం చాటేసింది. పైరు మాడిపోతాంటే, బోరులో ఉండే గుక్కెడు నీళ్లన్నా పారిద్దామని, కరెంటు వచ్చింది అనంగానే చేనికి పరిగెత్తినాడు. స్టార్టరు పెట్టె మీద చెయ్యి పెట్టినోడు మళ్లీ తీయలేదు. దాని గురించి ఇంతకు మించి నేను రాయలేను.

ఆ పొద్దు నుంచి మా అత్త ఇంట్లో స్విచ్చి ముట్టలేదు. బోర్డు పక్కన ఒక కంది కట్టె ఆనించి పెట్టుకుంది. లైటు కావాల్నంటే కట్టెతో పొడిచేది, ఫ్యాను ఆపాల్నంటే కట్టెతో పొడిచేది. ఫ్రిజ్జు వైపు కూడా పోయేది కాదు. వంటింటి మూలన తడి ఇసుక పోసి, దాని మీద మట్టి కడవ పెట్టుకొని ఆ నీళ్లే తాగేది. "ఏడ్చేదుంటే ఎండలో ఏడువు, బిరీన ఆరిపోతాది" అని నాకు చెప్పింది గానీ, తను ఏడ్చేది నేను చూడలేదు. కొడుకు పేరు కూడా నోట్లోంచి రానిచ్చేది కాదు. వాడు అనేది, అంతే.

మా పాప తిండి మానేసింది. బలవంతాన పెడితే కక్కేది. ఊళ్లోకి వచ్చే డాక్టరు సూది వేసి, భయం లేదని చెప్పి పోయినాడు. భయం లేకుండా ఎట్లుంటాది? బిడ్డ ఎముకలు తేలి, గాలికి పడిపోయేటట్లు నడుస్తాండింది. మా ఆయన పోయినాక నేను ఏడ్చింది ఆయన కోసం కొంచెమే. ఈ బిడ్డ కూడా నాకు దక్కదేమోనని ఏడ్చిందే ఎక్కువ.

ఆయన దినాలు అయిపోయిన కొన్నాళ్లకే వినాయక చవితి వచ్చింది. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండగ ఉండదు. పండగ పేరు చెప్పి పొయ్యి మీద మూకుడు పెట్టరాదు, తీపి చేయరాదు. చుట్టుపక్కలోళ్లు తెచ్చిపెడతారు, అదే తినాల. మా ఇంట్లో చవితి అంటే కర్జికాయలు. అత్త పిండి ఒత్తేది, నేను నూనెలో కాల్చేదాన్ని, మధ్యలో పూర్ణం పెట్టి అచ్చు నొక్కేది మాత్రం నాయనా బిడ్డా. ఇంకెవురినీ అచ్చు ముట్టనిచ్చేవాళ్లు కాదు.

ఆ చవితికి పక్కింటోళ్లు తట్టలో కర్జికాయలు పెట్టి పంపించినారు. పాప తట్టను పక్కకు నెట్టేసింది.

"మన ఇంట్లో చేసినవి కావాల."

"మనం చేయగూడదు పాపా. మీ నాయన పోయినాడు కదా" అన్నా.

"మనం చేయకపోతే నాయన ఏం తింటాడు?"

వాకిట్లో కూచున్న అత్త ఈ మాట వినింది. లేసి మిద్దె ఎక్కింది.

మిద్దె మీద, పిట్టగోడ కాడ పాప డబ్బా ఒకటి ఉండింది. కదిరికి సంతకు పోయినప్పుడల్లా వాళ్ల నాయన చాక్లెట్ తెచ్చేవాడు. ఆయన పోయినాక పలకరింపుకొచ్చిన చుట్టాలు కూడా బిడ్డ చేతిలో చాక్లెట్లు పెట్టి పోయేవాళ్లు. పాప ఒక్కటీ తినలేదు. అన్నీ ఆ రేకు డబ్బాలో దాచి, చేను దావ కనపడే చోట పెట్టుకొని కూచునేది. నాయన వస్తే ఇస్తుందంట.

అత్త ఆ డబ్బా పట్టుకొని కిందికి దిగింది. మూత తీసి నాకు చూపించింది. ఎండకు చాక్లెట్లన్నీ కాగితాల్లోనే కరిగి ముద్దయిపోయినాయి.

"ఇది చూడు, పొయ్యి లేకుండానే కరిగింది" అనింది.

నాకేమీ అర్థం కాలేదు. ఆయమ్మ ఆకాశం దిక్కు చూసింది. చవితి నాటికి కూడా మోడం ముక్క లేదు, ఎండ నిప్పులు చెరుగుతాండాది. పైరును మాడ్చింది ఆ ఎండే.

"పాపా, అచ్చు తేపో" అనింది.

కాగితాలు ఒలిచి చాక్లెట్ నంతా గిన్నెలో వేసి మిద్దె మీద పెట్టింది. పుట్నాల పప్పులు, ఎండు కొబ్బరి, బెల్లం రోట్లో దంచింది. ఏదీ నిప్పు చూడాల్సిన పని లేదు. అచ్చుకు నెయ్యి పూసి, కరిగిన చాక్లెట్ ను రెండు పక్కలా వేలితో మెత్తి, పూర్ణం పెట్టి, "నొక్కు" అని బిడ్డకిచ్చింది. ఎన్నాళ్ల తర్వాతనో ఆ చేతులు అచ్చు పట్టుకున్నాయి. నొక్కినవి నొక్కినట్లు కడవ కింద తడి ఇసుకలో, ఆకు పరిచి పెట్టింది. రొంత సేపటికి గట్టిపడినాయి. అంచులు విరిగి, వంకర తిరిగి, పిల్లోళ్లు బంకమట్టితో చేసిన బొమ్మల మాదిరి ఉండినాయి.

మొదటిది అత్త ఆకులో పెట్టి పిట్టగోడ మీదికి తీసకపోయింది. "ఇది మీ నాయనకు" అని పాపకు చూపించింది. "కాకి రూపంలో వచ్చి తింటాడు. నువ్వు తిను ఇంక."

బిడ్డ తినింది. మూతికి, చేతులకు, గౌనుకు పూసుకొని తినింది. ఇంకొకటి అడిగింది. కక్కలేదు. నేను దొడ్లోకి పోయి, ఆయమ్మ చెప్పినట్లే ఎండలో నిలబడి ఏడ్చినా.

మాట ఊళ్లోకి పోనే పోయింది. వీధి చివర ముసలామె ఒకతె వచ్చి, "ఏమక్కా, ఏడాది తిరక్కుండానే కర్జికాయలు చేసినారంట. సూతకం లేదా మీ ఇంటికి?" అని వాకిట్లో నిలబడి అడిగింది. మా అత్త చాట కింద పెట్టలేదు.

"నేను పొయ్యి వెలిగించినానా? మూకుడు పెట్టినానా? ఎండ చేసింది. పోయి ఆ సూర్యున్ని అడుగుపో. ఆకలికి సూతకం లేదు."

ముసలామె వచ్చిన దావనే పోయింది. నాకు ఆ పొద్దు మా అత్తను చూసి ఎంత గర్వమయ్యిందో చెప్పలేను. కానీ బయట అంత మాటన్న మనిషి లోపల భయపడి సచ్చింది. ఎందుకంటే కాకి తినలేదు.

వచ్చింది. గోడ మీద వాలింది. మెడ ఒక పక్కకు, ఇంకో పక్కకు తిప్పి ఆ నల్లటి కర్జికాయను చూసి, ముట్టకుండా ఎగిరిపోయింది. మళ్లీ రాలేదు. ఎండకు కర్జికాయ మెత్తబడి, కరిగి, గోడ మీదనుంచి కిందికి కారింది. చీమలు పట్టినాయి. అత్త ఆ చారనే చూస్తా నిలబడింది.

"వాడు ముట్టలేదే. అలిగినాడు. ఏడాది తిరక్కుండానే తీపి చేసినానని అలిగినాడు."

"కాకికి చాక్లెట్ ఏం తెలుసు అత్తా? ఎప్పుడన్నా చూసిందా అది?"

"కాకికి తెలీదు. వానికి తెలుసు కదా."

ఏడాది తిరిగింది. మళ్లీ పండగలొచ్చినాయి, మూకుడు పెట్టినాము, నూనె కర్జికాయలు చేసినాము. అయినా ప్రతి చవితికీ ఆయమ్మ కదిరి నుంచి చాక్లెట్ తెప్పించి, ఎండలో కరిగించి, నల్ల కర్జికాయలు కూడా చేయించేది. పాపకు అదొక ఆటయింది. ఆయమ్మకు ఆట కాదు. ఒక్కటి ఆకులో పెట్టి మిద్దె ఎక్కేది. ఎండకు కరిగిపోతాదని దాని మీదికి వంగి, చీర కొంగు చాపి నీడ పట్టుకొని కూచునేది. కాకులు దూరంగా కరెంటు తీగ మీద కూచొని చూస్తా ఉండేవి.

"నువ్వు కూచుంటే కాకి యాడ వస్తాది అత్తా?" అనేదాన్ని.

"నేను లేస్తే కరిగిపోతాది కదే."

ఎంత సేపైనా కొంగు దించేది కాదు. పొద్దు గూకేదాకా అట్లనే ఉండి, ముట్టని కర్జికాయను చేత్తో పట్టుకొని దిగొచ్చేది. తను తినేది కాదు, మాకిచ్చేది కాదు, చేను గట్టున పెట్టొచ్చేది. ఊళ్లో వాళ్లు ముసల్దానికి మతి చెడిందన్నారు. మతి చెడలేదు. కొడుకు అలక తీర్చాలని చూసింది.

పోయినేడు చవితి నాడు మెట్లు దిగుతా నా భుజం పట్టుకొని ఒక మాటనింది. "నేను పోయినాక వాణ్ణే అడుగుతా. ఎందుకు తినలేదురా అని. నీ కూతురు తినింది కదరా, అది చాలదా అని."

ఆయమ్మ దినం నాడు చేనులో పిండం పెట్టినాము. మేము వెనక్కి తిరక్క ముందే కాకి వచ్చి ముద్ద ఎత్తుకపోయింది. "ఏ ఆశా లేకుండా పోయింది, పుణ్యాత్మురాలు" అన్నారు అందరూ. నాకు కోపమొచ్చింది. ఏ ఆశా లేదంట. ఇన్నేండ్లు ఎండలో కొంగు చాపి కూచున్నది ఎందుకో ఆ కాకిని అడగాల.

మొన్న మళ్లీ చవితి వచ్చింది. మళ్లీ పండగ లేని ఏడు, మళ్లీ మూకుడు పెట్టని ఇల్లు. ఆయమ్మ ఒలిచిన విత్తనం వేసినాము. మొలిచింది, వాన లేక నిలువునా ఎండింది. అనంతపురంలో చదువుకునే మా పాప ముందు దినమే వచ్చింది. సంచిలో చాక్లెట్ తెచ్చుకుంది. నన్ను అడగలేదు, నేను వద్దనలేదు. గిన్నె మిద్దె మీద పెట్టింది, ఎండ తన పని తాను చేసింది. అచ్చు నొక్కి కడవ కింద ఇసుకలో పెట్టింది. ఆ కడవను ఇంకా తీయలేదు మేము. కంది కట్టె కూడా బోర్డు పక్కన అట్లనే ఉండాది.

చవితి నాడు మధ్యాన్నం రెండు కర్జికాయలు ఆకులో పెట్టి పిట్టగోడ మీద పెట్టింది. "ఇది నాయనకు, ఇది జేజికి" అనింది. మా అత్తను అది జేజి అనే పిలిచేది. అంత సేపూ కాసిన ఎండ ఉన్నట్లుండి తగ్గింది. తలెత్తి చూస్తే పడమట నుంచి మోడం, నల్లగా, బరువుగా.

పాప అలవాటుగా చున్నీ చాపబోయింది. "నేను కూచోనా అమ్మా?"

"వద్దులే. ఈ పొద్దు మోడం పట్టింది నీడ."

పాప ఎండిన చేను దిక్కు చూసింది. "అంతా అయిపోయినాక ఇప్పుడా వచ్చేది, ఈ పాడు..." అంటాంటే నేను దాని నోటి మీద చెయ్యి పెట్టేసినా. ఇద్దరం కిందికి దిగొచ్చినాము.

సాయంత్రం పెద్ద చినుకులతో వాన మొదలైంది. పైరుకు పనికిరాని వాన. తలుపు కాడ నిలబడితే మెట్ల మీదుగా పిట్టగోడ కనపడతాంది. కాకి రాలేదు. రెండు కర్జికాయలు పక్కపక్కనే, కరక్కుండా, తడుస్తా ఉండాయి. వాటిని తెచ్చేదానికి మేమిద్దరం కదల్లేదు.