మా పెద్ద ఫిడేలు ఎర్రిస్వామి గారు

ఎర్రిస్వామి గారు ఇక లేరు. సిరుగుప్ప నుంచి వచ్చిన బస్సు కండక్టరు మా గడప ముందు నిలబడి ఆ మాట చెప్పినప్పుడు నేను ఫిడేలుకు తీగ మారుస్తున్నాను. చేతిలోని తీగ చేతిలోనే ఉండిపోయింది. ఈ వార్త ఎప్పుడో ఒకనాడు చెవిన పడుతుందని ఏడాదిగా భయపడుతున్నవాణ్ణే అయినా, తీరా విన్నాక మనసు నమ్మనని మొండికేసింది. బళ్ళారి సీమలో ఆయన వాద్యం వినని సంగీతాభిమాని అరుదు. విన్నవారి కోసం, వినే భాగ్యం ఇక లేనివారి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది నాలుగు ఫిడేళ్ళ మేళం. గోపాలాచారిది మొదటి ఫిడేలు, నాది రెండవది. ఖాజా సాహెబ్ కాస్త బరువైన గొంతున్న నడిమి ఫిడేలు వాయిస్తాడు. నేలకు ఆనించి మోకాళ్ళ మధ్య పట్టుకుని వాయించే పెద్ద ఫిడేలు ఎర్రిస్వామి గారిది. బళ్ళారి సైనిక దండులో ఎవరో దొర వెళ్ళిపోతూ వదిలేసిన వాద్యం అది. దాని మీద శంకరాభరణం పలికించడానికి ఆయన చేసిన తపస్సు సామాన్యమైనది కాదు. "మొదట్లో ఎనుము అరిసినట్ల ఉండెనప్పా. మా ఇంటామె అన్నం పెట్టేదే మానేసింది" అని తనను చూసి తానే నవ్వుకునేవారు. పెళ్ళిళ్ళు, డ్యాము క్యాంపులో వేడుకలు, కంప్లిలో ఉత్సవాలు, ఇవే మా జీవనాధారం.

మా మేళానికి మృదంగం లేదు. తాళం వేసేవారూ లేరు. నలుగురం ఒకరికొకరు ఎదురుగా చదరంగా కూర్చుంటాం. ఎర్రిస్వామి గారు ముక్కుతో వినపడేటట్టు ఒక దీర్ఘశ్వాస తీసుకునేవారు. ఆ శ్వాస ఎంత పొడవో మా పాట నడక అంత. అది ముగిసినచోట నాలుగు కమానులూ ఒక్కసారిగా తీగల మీద వాలేవి. ఇది ఆయన పెట్టిన పద్ధతి, ఆయన ఒక్కరికే సాధ్యమైన పద్ధతి.

ఈ కూర్చునే తీరు వల్ల చీవాట్లు కూడా తిన్నాం. సిరిగేరి దగ్గర కాలవ కింద భూములు కొనుక్కున్న ఒక కోస్తా రైతు తన ఇంట పెళ్ళిలో, "ఏవండీ, పెద్దలకి వీపు చూపించి కూర్చోవడం ఏం మర్యాదండీ?" అని నిలదీశాడు. ఎర్రిస్వామి గారు కమాను తుడుచుకుంటూ, "మీకు మొగం సూపిస్తే మాకు మేము ఇనపడమప్పా. మొగం గావల్నో పాట గావల్నో మీరే చెప్పండి" అన్నారు. ఆ రైతు కాసేపు గింజుకుని, చివరికి నవ్వేసి కుర్చీలన్నీ మా చుట్టూ వేయించాడు. ఎర్రిస్వామి గారి మంకుపట్టులో కూడా ఎదుటివారికి కోపం రానివ్వని మెత్తదనం ఉండేది.

ఆయన ఇల్లు సిరుగుప్పలో బియ్యం మిల్లుల పక్కన. ఊక దుమ్ము దినమంతా ఆ ఇంటి మీద రాలుతూనే ఉంటుంది. నిరుడు కంప్లి కచేరీలో ఆయన శ్వాస తీసుకున్నప్పుడు దాని అడుగున సన్నగా ఈల వినిపించింది. గోపాలాచారి నా కళ్ళలోకి చూశాడు, నేను తల దించుకున్నాను. వైద్యుడి కంటే ముందు మాకే తెలిసింది, తెలిసినా ముగ్గురం ఒకరితో ఒకరం అనుకోలేదు. అంటే నిజమైపోతుందేమోనని భయం. కచేరీ కచేరీకీ ఆ శ్వాస సాగిపోతూ వచ్చింది. దానితోపాటే మా పాట నడక మందగించింది. శ్రోతలు మాత్రం మేళానికి కొత్తగా గాంభీర్యం వచ్చిందని మెచ్చుకునేవారు.

తిరుగుళ్ళు మానుకోకపోతే ప్రాణానికే ముప్పని బళ్ళారి డాక్టరు తేల్చి చెప్పాడు. ఆయన భార్య నాగమ్మ గారు మా ఇంటికి వచ్చారు. "మీరు పిలుస్తాండారు, ఆయన పోతాండాడు. మీరు పిలవాకండి అన్నా. మనిషిని నాకు మిగల్చండి" అన్నారు. ఆమె వెళ్ళాక ముగ్గురం కూర్చుని ఇక కచేరీలు ఒప్పుకోవద్దని నిర్ణయించుకున్నాం. కాని సిరిగేరిలోనే ఇంకో పెళ్ళివారు నేరుగా ఎర్రిస్వామి గారి దగ్గరికే పోయి కచేరీకి తాంబూలం ఇచ్చి వచ్చారు. నేను పరుగున వెళితే, "మీరు ముగ్గురే తేల్చేసేకి ఇదేమన్నా మూడు ఫిడేళ్ళ మేళమా?" అని నా నోరు మూయించారు.

ఆయనకు శ్రమ తగ్గిద్దామని సిరిగేరి పందిట్లో మేమొక ఎత్తు వేశాం. ఆయన శ్వాస కోసం ఆగకుండా గోపాలాచారి కమాను కదిలించగానే ఖాజా సాహెబ్, నేను అందుకున్నాం. ఎర్రిస్వామి గారు కమాను ఒడిలో పెట్టుకుని కీర్తన అయ్యేదాకా అలాగే కూర్చున్నారు. అడుగున ఆ పెద్ద నాదం లేక పాట బోలుగా పోయింది. ముగిశాక మాకు మాత్రమే వినపడేటట్టు, "ఊపిరి నాదప్పా. ఎంత మిగిలుండాదో నాకు తెలుసు. దాన్ని యాడ పెట్టాల్నో నన్నే సూసుకోనీండి" అన్నారు. మేము తలలు వంచాం. ఆయన శ్వాస తీసుకున్నారు. ఆ ఈల పందిరంతా వినపడి ఉంటుంది. అంత నెమ్మదిగా, అంత నిండుగా మేము ఎన్నడూ వాయించలేదు. ఆ కచేరీ తర్వాత ఆయన మంచం దిగలేదు.

కర్మ ముగిసిన రోజు నాగమ్మ గారు మమ్మల్ని వాయించమన్నారు. ఆయన పటం ముందు ముగ్గురం కూర్చున్నాం. కమానులు ఎత్తి, ఇక రాని ఆ శ్వాస కోసం ఒకరినొకరం చూస్తూ ఉండిపోయాం. "ఏమాయెనన్నా, మొదులుపెట్టండి" అని ఆమె గొంతు వినపడింది. మొదలుపెట్టాం. తొలి స్వరాన్నే ముగ్గురం మూడు చోట్ల ఎత్తుకున్నాం. నాగమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. మేము సర్దుకునే ప్రయత్నం కూడా చేయలేదు. అలాగే చివరిదాకా వాయించి, పటానికి సాష్టాంగపడి వచ్చాం. ఆ పుణ్యపురుషుడు లేని లోటు ఎంతటిదో ఇంతకంటే చెప్పడం నాకు చేతకాదు.