అక్క రాసిచ్చిన రెండు పేజీలు

మొన్న మంగళవారం పొద్దున సూర్యాపేట దవాఖానలో మా అక్క పోయింది. కోదాడలో పాతికేళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పిన మనిషి. చూడవచ్చిన వాళ్లంతా "మేడంకు ఎంత ఓపిక" అన్నారు. ఆ మాట వింటుంటే నాకు ఒళ్లు మండింది. అంత ఓపిక పట్టాల్సిన అవసరం ఆమెకు ఎందుకొచ్చిందో ఒక్కరూ అడగలేదు.

ఎనభైల చివర మిర్యాలగూడలో ఇద్దరం డిగ్రీ చదివేవాళ్లం. అక్కది ఆఖరి సంవత్సరం, నాది మొదటిది. ఇద్దరిదీ తెలుగు మీడియమే. సెలవు రోజుల్లో అమ్మతో పాటు రైస్ మిల్లు కళ్లంలో వడ్లు ఆరబెట్టేవాళ్లం. అక్క కాళ్లతో సాలు తీసి వడ్లు తిరగేస్తూ, "వడ్లు తిరగేస్తున్నాను" అని ఇంగ్లీషులో అనేది. మరుసటి సాలులో అదే మాట గతకాలంలో, ఆ పై సాలులో భవిష్యత్తులో. పక్కవాళ్లు నవ్వేవారు.

"నవ్వనియ్యవే. తప్పయితదని నోరు మూసుకుంటే ఇగ ఎన్నడొస్తది?" అనేది నాతో.

గైడు ముట్టేది కాదు. సొంతంగా రాసేది, కొట్టేసేది, మళ్లీ రాసేది.

ప్రీఫైనల్‌లో ఇంగ్లీషు పేపరు బాగా రాసింది. అదే ఆమె చేసిన నేరమైంది. ఇంగ్లీషు సారు సున్నా వేసి స్టాఫ్ రూముకు పిలిపించాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"వడ్లు తొక్కేదానికి ఇంత ఇంగ్లీషు ఏడికెల్లొచ్చింది? కాపీ కొట్టిన అని రాసియ్యి. అప్పుడే హాల్ టికెట్" అన్నాడు.

అక్క గొంతు పెంచలేదు. "కొట్టలే సార్. ఏం జరిగిందో రాసిస్త. ఇంగ్లీషుల రాయాల్నా, తెలుగుల రాయాల్నా?"

అక్కడున్న లెక్చరర్లందరి ముందూ నిలబడే రెండు పేజీల ఇంగ్లీషు రాసింది. తాను కాపీ కొట్టలేదనీ, ఎట్లా నేర్చుకున్నదీ రాసింది. అందులో రెండు తప్పులున్నాయని తర్వాత తనే చెప్పింది. సారు మొత్తం చదివి, హాల్ టికెట్ బల్ల మీద పడేశాడు.

"ఇది గూడ బట్టీ పట్టినవా?" అన్నాడు.

అక్క పాసైంది, ఎమ్మే చేసింది, లెక్చరర్ అయింది. అప్పుడు ఆ సారు ఒక సభలో ఆమెను తన శిష్యురాలని చెప్పుకున్నాడు. తప్పయిందని మాత్రం ఏనాడూ అనలేదు. నేను రగిలిపోతే అక్క, "పోనియ్యవే. నా క్లాసు పిల్లల్ని నేను గట్ల అడగ, అంతే" అంది. అడగలేదు కూడా. ఆమె క్షమించిందేమో, నేను క్షమించలేదు.

ఆ రోజు స్టాఫ్ రూములోంచి వచ్చి అక్క నేరుగా నల్లా దగ్గరికి నడిచింది. ఎంత పట్టినా దోసిట్లో నీళ్లు నిలవలేదు. నేను నా దోసిలి నింపి పట్టాను. అక్క వంగి, కళ్లు మూసుకుని తాగింది.